మంచం మీదున్న మనిషి తరఫున

నర్సుల దినోత్సవం నాడు కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ, అంటే గర్భిణులను చూసుకుని కాన్పు చేసే పనిలో శిక్షణ పొందుతున్న నర్సులతో ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్ మాట్లాడిన మాటలివి. ఆ రోజు డ్యూటీలో ఉండి రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నైట్ డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా వచ్చినవాళ్ళు కొందరున్నారట. మీకు కునుకు పడితే పడనివ్వండి, నేనేమీ అనుకోను. ఆ నిద్ర విలువ నాకు తెలుసు.

నాకిచ్చిన అంశం చాలా పెద్దది. నీతి, నాయకత్వం, సమాజంలో మార్పు. కరపత్రంలో మూడు మాటలు వేశారు. నాకు మాత్రం ఈ మూడూ ఒక్క గదిలోనే కనబడతాయి. లేబర్ రూమ్‌లో. అందుకని ఆ గది దాటి ఎక్కువ దూరం పోను.

మన పెద్దవాళ్ళు ఒక సామెత చెప్తారు: మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి అని. కష్టమొస్తే ఓర్చుకోవాలనే అర్థంలో దాన్ని వాడుతుంటాం. నాకు అందులో ఇంకొకటి వినబడుతుంది. ఒప్పుకున్నాక, అంటోంది చూడండి. ఆ మంత్రసాని ఒప్పుకుంది. ఎవరికి ఒప్పుకుంది? ఆ ఇంటి పెద్దకా, ఊరి పటేలుకా? నొప్పులు పడుతున్న ఆ మనిషికి ఒప్పుకుంది. మరి మనం? మనం ఎవరికి ఒప్పుకున్నాం?

ఒక రాత్రి సంగతి చెప్తాను. ఊరు పేరు చెప్పను, ఆసుపత్రి పేరు చెప్పను. నేను స్టాఫ్ నర్సుగా చేరిన రెండో ఏడు. రెండే కాన్పు బల్లలు, వరండాలో చాపల మీద ఏడెనిమిది మంది. ఒక పిల్ల, మొదటి కాన్పు, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. వాళ్ళమ్మను బయటే నిలబెట్టాం, లోపలికి రానివ్వలేదు. అప్పట్లో రానిచ్చేవాళ్ళం కాదు. బిడ్డ తల కనబడుతోంది, వెనక్కి పోతోంది, మళ్ళీ కనబడుతోంది. డ్యూటీ డాక్టర్‌కి అవతల ఇంకో కేసు ఉంది. "నొక్కు సిస్టర్" అన్నారు. నేను స్టూలు ఎక్కాను. మోచెయ్యి పెట్టి ఆ పిల్ల పొట్ట మీద నా బరువంతా వేశాను. "వద్దు" అంది. మూడుసార్లు అంది. ఆ గదిలో ఆరుగురం ఉన్నాం, ఆరుగురికీ వినబడింది. అది మాటే అని మాలో ఒక్కరికీ తోచలేదు. నొప్పుల్లో అరుపు అనుకున్నాం.

బిడ్డ పుట్టాడు, ఏడ్చాడు, అంతా బాగుంది. పొద్దున నేను డ్యూటీ దిగే ముందు ఆ పిల్ల నన్ను పిలిచింది. ఊపిరి పీలిస్తే పక్కటెముకల దగ్గర పొడుస్తోందట. "సిస్టర్, పొట్ట ఎందుకు నొక్కిన్రు?" అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామని అడిగింది. "బిడ్డ కోసమమ్మా" అన్నాను. నమ్మింది. "మంచిగ చేసిన్రు" అంది.

ఆ "మంచిగ చేసిన్రు" నాతోనే ఉండిపోయింది, ఇన్నేళ్ళూ.

ఇప్పుడు మీకు పాఠంలోనే ఉంది. పొట్ట మీద నొక్కి కాన్పు చెయ్యవద్దని 2018 ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసుల్లో స్పష్టంగా ఉంది. బిడ్డ బయటికొచ్చే దారిలో అందరికీ అలవాటుగా కోత పెట్టవద్దని ఉంది. తోడు మనిషిని ఉండనివ్వమని ఉంది, ఏ భంగిమలో కనాలో ఆమెనే ఎంచుకోనివ్వమని ఉంది. అప్పట్లో నాకు ఇవన్నీ తెలియవు, నిజమే. కానీ "వద్దు" అన్న మాటకు అర్థం తెలియకపోవడమేమిటి? దానికి ఏ సిఫారసు కావాలి? నా తప్పు చదువు చాలకపోవడం ఒక్కటే కాదు. ఆ గదిలో నేను ఎవరి మనిషినో నాకు తెలియదు. డాక్టరు గారి మనిషిని అనుకున్నాను.

అలా ఎందుకు అనుకున్నానో కూడా చెప్తాను, ఎందుకంటే మీలో చాలామంది అదే ప్రమాణం చేసి వచ్చారు. దీపాలు పట్టుకుని నిలబడి చెప్పారు కదా, నైటింగేల్ ప్రమాణం? దాన్ని మన నర్సింగ్‌కు దారి వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ రాయలేదు. 1893లో అమెరికాలో డెట్రాయిట్‌లోని ఒక నర్సింగ్ స్కూల్లో లిస్ట్రా గ్రెటర్ అనే ఆవిడ, ఆమెతో ఉన్న కమిటీ కలిసి రాశారు. అందులో వైద్యుడి పనిలో విధేయతతో సాయపడతాను అనే వాక్యం ఉంది. గుర్తుందా? తర్వాత 1953లో అంతర్జాతీయ నర్సుల మండలి మొదటి నీతి నియమావళి తెచ్చింది. అందులోనూ డాక్టరు ఆదేశాలను తెలివిగా, విధేయంగా అమలు చెయ్యాలనే ఉంది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1973లో, ఆ నియమావళిని తిరగరాశారు. విధేయత పోయింది. నర్సు మొదటి బాధ్యత నర్సింగ్ సేవ అవసరమైన మనుషుల పట్ల, అని వచ్చింది. మళ్ళీ చెప్తున్నాను, మొదటి బాధ్యత డాక్టరుకు కాదు, ఆసుపత్రికి కాదు. మంచం మీదున్న మనిషికి.

1973లో మారింది. నేను పొట్ట నొక్కింది దానికి ఎన్నో ఏళ్ళ తర్వాత. కాగితం మీది మాట నా మోచెయ్యి దాకా రాలేదు. మీ చేతుల దాకా వచ్చిందా? ఇది నేను ఊరికే అడగడం లేదు. ఈ పూట మీరు ఆలోచించాలి.

మీ సంగతి వేరు, మాకంటే వేరు. నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ అంటే మామూలు నర్సుకు ఇంకో సర్టిఫికెట్ కాదు. 2017లో మన రాష్ట్ర ప్రభుత్వం, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి వాళ్ళు, యూనిసెఫ్ కలిసి ఈ కరీంనగర్‌లోనే 30 మంది నర్సులతో 18 నెలల కోర్సు మొదలుపెట్టారు. మరుసటి ఏడు, 2018 డిసెంబరులో, కేంద్రం మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు తెచ్చింది. దేశంలో చాలామంది కంటే ముందు మన జిల్లా ఈ పని ఎత్తుకుంది, అది మనకు గర్వమే. కానీ ఇందులో బరువేమిటో చూడండి. మా కాలంలో "డాక్టర్ చెప్పారు, చేశాను" అంటే సరిపోయేది. మీకు సరిపోదు. ఇబ్బంది లేని గర్భిణిని మీరే చూస్తారు, మీరే నిర్ణయిస్తారు, ఎప్పుడు డాక్టర్‌ను పిలవాలో కూడా మీరే తేలుస్తారు. నిర్ణయం మీదైనప్పుడు దాని జవాబుదారీ కూడా మీదే.

ఇది మన కరీంనగర్‌కు ఎందుకు కావాలి? ఆ లెక్కలు మీకు తెలుసు, అయినా ఒకసారి బయటికి అందాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి నూటికి 60 కాన్పులు పెద్దాపరేషన్లే. ప్రైవేటులో నూటికి 81. మన సర్కారు దవాఖానల్లో 44. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 42, దేశం మొత్తం మీద 21. మన జిల్లాలో ఎనభై దాటింది. జనాభా మొత్తం మీద చూస్తే సిజేరియన్లు నూటికి పది దాటాక తల్లీబిడ్డల చావులు ఇంకా తగ్గడం కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మరి ఈ మిగతా కోతలన్నీ ఎవరి కోసం?

డబ్బు కోసం, అంటారు. అది ఉంది, కాదనను. ముహూర్తాలు, అంటారు. అదీ ఉంది. ఫలానా నక్షత్రం, ఫలానా గంట, చీటీ మీద రాయించుకుని వస్తారు. నెలలు నిండకముందే ముహూర్తం ఉందని కోయించుకుంటే ఆ బిడ్డ ఆయాసపడుతుంది, ఐసీయూలో పెట్టాల్సి వస్తుంది. మొదటిది కోస్తే రెండోదీ కోతే అవుతుంది చాలాసార్లు. మూడోసారికి మాయ ఆ పాత కుట్టు మీద అతుక్కుపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇవన్నీ మీరు చెప్పాలి, ఆ పంచాంగాన్ని ఎగతాళి చెయ్యకుండా చెప్పాలి. నమ్మకాన్ని ఎగతాళి చేస్తే ఆ అత్తగారు మీకు తలుపు వేసేస్తుంది, పక్క సందులో నర్సింగ్ హోమ్ తలుపు తెరిచే ఉంటుంది.

ఒక తల్లి నాతో అన్న మాట మీకు చెప్పాలి. కూతురిని తీసుకొచ్చింది, తొమ్మిదో నెల, అంతా సక్రమంగా ఉంది. వచ్చీరాగానే పెద్దాపరేషన్ చెయ్యమంటోంది. నేను నా పాఠం మొదలుపెట్టాను, మామూలు కాన్పు లాభాలు అవీ ఇవీ. ఆమె అంతా విని, "నేను పడ్డది నా బిడ్డ పడొద్దు సిస్టర్" అంది. నొప్పుల సంగతి అనుకున్నాను. "నొప్పులకు కాదు. నన్ను ఆ బల్ల మీద మీ అసొంటోళ్ళే కొట్టిన్రు. తొడ మీద గిల్లిన్రు. పడుకున్నప్పుడు తెలువలేదా అన్నరు" అంది.

ఏం చెప్తారు దానికి? మీరైతే ఏం చెప్తారు?

నాకు ఆ రోజే అర్థమైంది. ఈ కోతల లెక్కలో డాక్టర్ల వాటా ఉంది, పంతుళ్ళ వాటా ఉంది, మన వాటా కూడా ఉంది. మన లేబర్ రూమ్ అంటే భయపడి ఆడవాళ్ళు కత్తి కోరుకుంటున్నారు. తల్లి భయం కూతురికి వస్తోంది. గదిలో మనం అన్న ఒక మాట, ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకో ఆడపిల్ల పొట్ట మీద కోతగా తేలుతోంది. సమాజంలో మార్పు అంటే ర్యాలీ తీయడం, బ్యానర్ పట్టుకోవడం అనుకుంటాం. ర్యాలీలు వద్దనను. కానీ ఆ బల్ల మీదున్న పిల్లతో మీరు ఎలా మాట్లాడారన్నది ఆమె చెల్లెళ్ళకు తెలుస్తుంది, వాడకట్టంతా తెలుస్తుంది. అంతకన్నా పెద్ద ప్రచారం ఏముంది?

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ ఉత్సాహంలో మనం ఇంకో పక్కకు పడిపోయే ప్రమాదం ఉంది. మామూలు కాన్పే గొప్ప, ఎలాగైనా మామూలు కాన్పే చేస్తాం, అనే పట్టుదల. ఇంగ్లాండ్‌లో ష్రూస్‌బరీ, టెల్ఫోర్డ్ ఆసుపత్రుల్లో ఏం జరిగిందో మీరు చదవాలి. అక్కడ సిజేరియన్లు తక్కువ అని ఏళ్ళ తరబడి పేరు. పొగడ్తలు. 2022 మార్చిలో విచారణ నివేదిక వచ్చింది. దాదాపు 1,500 కుటుంబాల కేసులు చూశారు. మెరుగైన వైద్యం అంది ఉంటే 201 మంది పసిబిడ్డలు బతికి ఉండేవాళ్ళేమో అని తేల్చారు. తొమ్మిది మంది తల్లుల చావుల్లోనూ వైద్యం లోటు కనబడింది. ఆ విచారణకు పెద్ద ఎవరో తెలుసా? డోనా ఓకెండెన్. ఆమె స్వయంగా మిడ్‌వైఫ్. మన వృత్తి తప్పులను మన వృత్తి మనిషే బయటపెట్టింది. విచారణ మొదలవడానికి కారణం, బిడ్డల్ని పోగొట్టుకున్న రెండు కుటుంబాల తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి వదలకుండా అడగడం. సిబ్బందిలో కొందరు నివేదిక రావడానికి ముందు మాట్లాడటానికి కూడా భయపడ్డారు. తల్లులు చెప్తే వినలేదు, సిబ్బంది నోరు తెరవలేదు.

చూశారా? ఇక్కడ కోతలు ఎక్కువ, అక్కడ కోతలు తక్కువ. రోగం మాత్రం ఒకటే. మంచం మీదున్న మనిషి మాట కంటే ఇంకేదో పెద్దదైపోయింది. ఇక్కడ బిల్లు, అక్కడ పేరు. కాబట్టి నేను మిమ్మల్ని మామూలు కాన్పు సైనికులుగా తయారు కమ్మని అడగడం లేదు. కోత అవసరమైన మనిషికి అరగంట ఆలస్యం లేకుండా కోత జరిగేలా చూడటం కూడా మీ పనే. అక్కడ కూడా గొంతు ఎత్తాల్సింది మీరే.

గొంతు ఎత్తడం అంటే ఎలా? దీన్ని ఎవరూ నేర్పరు. రక్తస్రావం ఆపడం నేర్పుతాం, బిడ్డ భుజం ఇరుక్కుంటే ఏం చెయ్యాలో బొమ్మ మీద ఇరవైసార్లు చేయిస్తాం. పెద్ద డాక్టరుతో "మేడమ్, ఒక్క నిమిషం" అనడం మాత్రం ఒక్కసారి కూడా చేయించం. అదీ చేతిపనే. అదీ సాధన చేస్తేనే వస్తుంది. నేను నా విద్యార్థినులకు చెప్పేది ఇంతే: గొడవగా అనొద్దు, గొణగొద్దు. ముందు కళ్ళకు కనబడుతున్నది చెప్పు. తర్వాత నీ భయం చెప్పు. తర్వాత ఏం కావాలో అడుగు. "మేడమ్, బిడ్డ గుండె రెండుసార్లు 100 కిందికి పడింది. నాకు భయంగా ఉంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి." అంతే. మూడు ముక్కలు. అందులో "సారీ మేడమ్", "డిస్టర్బ్ చేస్తున్నానేమో మేడమ్" అనేవి లేవు, గమనించారా?

డాక్టర్లు శత్రువులని నేను అనడం లేదు. నాకు తెలిసిన మంచి డాక్టర్లు ఇలా చెప్పే నర్సు కోసమే వెతుక్కుంటారు. రాత్రి రెండింటికి ఆ పీజీ చదివే డాక్టరమ్మాయి కూడా ముప్ఫై గంటలుగా నిద్ర లేకుండా ఉంటుంది. ఆమెకూ ఇంకో జత కళ్ళు కావాలి.

ఇక పార్టోగ్రాఫ్. నొప్పులు ఎలా సాగుతున్నాయో, బిడ్డ గుండె ఎలా ఉందో అప్పటికప్పుడు గీతగా గీయాల్సిన కాగితం. ఇక్కడ నవ్వులు వినబడ్డాయి, అంటే నేనేం చెప్పబోతున్నానో మీకు తెలిసిపోయింది. కాన్పు అయ్యాక కూర్చుని పార్టోగ్రాఫ్ నింపడం. అందరం చేశాం. గీత అందంగా వస్తుంది, ఎక్కడా హద్దు దాటదు, గుండె చప్పుడు ప్రతి అరగంటకూ 140. ఏ ఆడిట్‌లోనూ దొరకదు. కానీ అమ్మా, ఆ కాగితం అబద్ధం. ఆ అబద్ధం వల్ల ఏమవుతుందో తెలుసా? నలుగురు చెయ్యాల్సిన పని ఒక్క నర్సు చేస్తోందన్న నిజం కూడా ఆ అందమైన గీత కింద దాగిపోతుంది. ఖాళీ గడిని ఖాళీగా వదలండి. పక్కన రాయండి, ఈ సమయానికి నేను ఒక్కదాన్నే, ముగ్గురు తల్లులు, చూడలేకపోయాను అని. భయమే, తెలుసు. కానీ సూపరింటెండెంట్ దగ్గర సిబ్బంది కావాలని అడిగేటప్పుడు మన చేతిలో ఉండేది ఆ ఖాళీ గడులే.

నాయకత్వం అనగానే కుర్చీ గుర్తొస్తుంది మనకు. ఒక ఆసుపత్రిలో, అక్కడా పేరు చెప్పను, తోడు మనిషిని లోపలికి రానివ్వడం కుదరదన్నారు. లేబర్ రూమ్‌లను మెరుగుపరచడానికి కేంద్రం పెట్టిన లక్ష్య కార్యక్రమం వచ్చి అప్పటికి రెండేళ్ళు దాటింది, కాగితం మీద తోడు మనిషికి అనుమతి ఉంది. ఎందుకు కుదరదు? నాలుగు బల్లలు పక్కపక్కన, మధ్య అడ్డు లేదు, ఒకామె తోడు వస్తే ఇంకొకామె మానం ఏమవుతుంది? న్యాయమైన ప్రశ్నే. ఒక స్టాఫ్ నర్సు, ఇన్‌చార్జి కూడా కాదు, టేపు తెచ్చి బల్లల మధ్య దూరం కొలిచింది. బజారుకు పోయి పరదా గుడ్డ, పైపుల ధర అడిగి వచ్చింది. ఆ నెలలో ఎంతమంది తల్లులు "మా అమ్మ కావాలె" అని అడిగారో ఒక నోట్‌బుక్‌లో గీతలు పెట్టింది. ఆ నోట్‌బుక్, ఆ ధరల చీటీ తీసుకుని సూపరింటెండెంట్ గారి గదికి పోయింది. మొదటిసారి ఆయన చూడలేదు. రెండోసారి ఆసుపత్రి అభివృద్ధి నిధుల్లోంచి ఇచ్చారు. ఇప్పుడు అక్కడ పరదాలున్నాయి, పరదా వెనక తల్లి చెయ్యి పట్టుకుని అమ్మ నిలబడుతోంది. తోడు మనిషి ఉన్న చోట మన నోరు కూడా కాస్త అదుపులో ఉంటుందని ఆ నర్సే నాతో చెప్పింది. పచ్చి నిజం అది.

ఒక మాట సీనియర్లకు. మీలో కొందరు రేపు ఇన్‌చార్జులవుతారు. అవుట్‌సోర్సింగ్‌లో ఉన్న పిల్లను, జీతం మూడు నెలలుగా రాని పిల్లను, "నువ్వెందుకు డాక్టర్ గారిని అడగలేదు?" అని నిలదియ్యకండి. ఆమె నోరు తెరిస్తే రేపు ఉద్యోగం ఉండదు. ధైర్యం అందరికీ ఒకే ధరకు దొరకదు. పర్మనెంట్ ఉద్యోగం ఉన్నవాళ్ళకు చవక, లేనివాళ్ళకు ఖరీదు. కాబట్టి ఆమె చూసింది మీకు చెప్తే, మీ పేరుతో మీరు అడగండి. ఆమె పేరు ఎత్తొద్దు. నాకు ఆ రాత్రి అలాంటి అక్క ఒక్కరున్నా నేను స్టూలు దిగేదాన్ని.

బిడ్డ పుట్టాక ఆయమ్మలు డబ్బులడగడం, అబ్బాయికో రేటు, అమ్మాయికో రేటు, దాని గురించి కూడా మాట్లాడమని చీటీ పంపారు ఎవరో. తప్పు, అంతే. మన కళ్ళ ముందు జరిగితే మనకూ అందులో వాటా ఉంది. ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

ఇంకో చీటీ. "తల్లి వద్దంటే, బిడ్డకు ప్రమాదం ఉంటే, అప్పుడేం చెయ్యాలి మేడమ్?" ఇది మంచి ప్రశ్న, కష్టమైన ప్రశ్న. నేను చూసినంతలో, నిజంగా కూర్చుని చెప్పినప్పుడు, ఆమె కళ్ళలోకి చూసి, ఆమె భాషలో, ఏం జరుగుతోంది, ఏం చెయ్యాలనుకుంటున్నాం, చెయ్యకపోతే ఏమవుతుంది అని చెప్పినప్పుడు, కాదన్న తల్లులు చాలా చాలా తక్కువ. మనం "వద్దంటోంది" అని రాసే కేసుల్లో ఎక్కువ భాగం మనం చెప్పనివి. సంతకం పెట్టించుకున్నాం, చెప్పలేదు. అయినా ఒకామె అంతా విని కాదంటే? అప్పుడు ఆమె పక్కనే ఉండాలి, సీనియర్‌ను పిలవాలి, మళ్ళీ అడగాలి, మళ్ళీ చెప్పాలి. అరవకూడదు, వదిలేసి పోకూడదు. దీనికి ఇంతకన్నా సులువు జవాబు నా దగ్గర లేదమ్మా, ఉందని చెప్తే అది మోసం.

సమయమైపోయిందని అక్కడి నుంచి చెయ్యి చూపిస్తున్నారు. టీ తాగి రండి. తర్వాత ఐదుగురు ఐదుగురుగా కూర్చుందాం. పేర్లు కొట్టేసిన ఆరు పార్టోగ్రాఫులు తెచ్చాను, అందులో రెండు కాన్పు అయ్యాక నింపినవి. ఏవి అవో మీరు కనిపెట్టాలి. తర్వాత ఒకరు పెద్ద డాక్టరుగా, ఒకరు నర్సుగా నిలబడి "మేడమ్, ఒక్క నిమిషం" సాధన చేద్దాం. డాక్టరు వేషం నేను కడతాను మొదట. ఎవరు వస్తారు నా ఎదురుగా?